విశ్వవిద్యాలయంలో ఈఆర్‌పీ: చదవాల్సింది తెరలనా, లావాదేవీల దారినా?

క్లుప్తంగా: ఈఆర్‌పీ, అంటే ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్, అన్న ఒక్క పేరు కింద కళాశాలల్లో మూడు వేర్వేరు విషయాలు నడుస్తున్నాయి: వ్యాపార ప్రక్రియలు, వాటిని నమోదు చేసే సాఫ్ట్‌వేర్ రకం, ఒకానొక కంపెనీ అమ్మే ఉత్పత్తి. వీటిలో తెరలూ కమాండ్లూ కొన్నేళ్లకే పాతబడతాయి. సరుకు కదిలినప్పుడు ఖాతాల్లో ఎక్కడ, ఎప్పుడు, ఎంత నమోదవుతుందన్న అవగాహన సాఫ్ట్‌వేర్ మారినా పనికొస్తుంది. ల్యాబ్‌లో ఆ అవగాహన కలగాలంటే సవ్యంగా సాగే లావాదేవీలతో పాటు తేడా వచ్చిన లావాదేవీలనూ విద్యార్థి చేతికివ్వాలి.

ఎంబీఏలో, బీకాం కంప్యూటర్స్‌లో, ఇండస్ట్రియల్ ఇంజినీరింగ్‌లో ఎంటర్‌ప్రైజ్ రిసోర్స్ ప్లానింగ్ చాలాకాలంగా ఎలక్టివ్‌గా కనిపిస్తున్న పాఠ్యాంశం. కొన్నిచోట్ల అది నిర్వచనాలు, ప్రయోజనాలు, అమలు దశలు, విక్రేతల పేర్లతో కూడిన సిద్ధాంత పాఠంగానే ముగుస్తుంది. మరికొన్నిచోట్ల విద్యార్థి జర్మన్ కంపెనీ శాప్ అమ్మే నిజమైన ఈఆర్‌పీ వ్యవస్థలోకి లాగిన్ అయ్యి, ముద్రించి ఇచ్చిన సూచనల ప్రకారం ఆర్డర్లు నమోదు చేస్తాడు. ఇంకోవైపు హైదరాబాద్ అమీర్‌పేటలోని శిక్షణ సంస్థలు అదే పేరుతో పూర్తిగా వేరే పద్ధతిలో బోధిస్తున్నాయి. కళాశాలలో చదివింది ఉద్యోగానికి చాలుతుందా, శిక్షణ సంస్థలో నేర్చుకుంటే కళాశాల పాఠం అవసరమేమిటి అన్న ప్రశ్నలు ఏటా వినిపించడానికి మూలం ఈ అస్పష్టతే. జవాబు వెతకాలంటే ముందు ఈ సాఫ్ట్‌వేర్ ఏ అవసరం నుంచి పుట్టిందో చూడాలి.

## గోడౌన్ లెక్క, ఖాతా లెక్క

ఈఆర్‌పీకి రెండు పుట్టుకలు ఉన్నాయి. మొదటిది కర్మాగారం గోడౌన్‌లో జరిగింది. 1964లో అమెరికన్ ఇంజినీరు జోసెఫ్ ఆర్లికీ ముడిసరుకు అవసరాలను కంప్యూటరుతో లెక్కగట్టే పద్ధతిని రూపొందించారు. మెటీరియల్ రిక్వైర్‌మెంట్స్ ప్లానింగ్, అంటే ఎంఆర్‌పీ, అదే. దాని వెనకున్న ఆలోచన సరళం. సైకిళ్లు ఎన్ని అమ్ముడుపోతాయో అంచనా వేయక తప్పదు, కానీ చక్రాలకు అంచనా అక్కర్లేదు, లెక్క చాలు: వంద సైకిళ్లకు రెండు వందల చక్రాలు. చేతిలో ఉన్నవి, దారిలో ఉన్నవి తీసేస్తే కొనాల్సినవి ఎన్నో తేలుతుంది, సరఫరాకు పట్టే సమయాన్ని వెనక్కి లెక్కిస్తే ఎప్పుడు కొనాలో తెలుస్తుంది. తర్వాతి దశలో యంత్రాల సామర్థ్యం, కార్మికుల పనిగంటలు కూడా ఇందులో చేరి ఎంఆర్‌పీ-2 అయింది. ఈఆర్‌పీ అన్న మాటను 1990లో గార్ట్‌నర్ అనే పరిశోధన సంస్థ వాడుకలోకి తెచ్చింది.

రెండో పుట్టుక జమాఖర్చుల వైపు నుంచి. 1972లో ఐబీఎం నుంచి బయటికి వచ్చిన ఐదుగురు ఇంజినీర్లు జర్మనీలోని వైన్‌హైమ్‌లో శాప్‌ను స్థాపించారు. వారి తొలి ఖాతాదారు ఐసీఐ అనే రసాయన సంస్థకు చెందిన నైలాన్ కర్మాగారం. సొంత కంప్యూటరు లేక, ఖాతాదారు కంప్యూటర్ల మీదే రాత్రిళ్లు, సెలవు రోజుల్లో పనిచేశారు. 1973లో పూర్తయిన మొదటి ఉత్పత్తి ఆర్థిక ఖాతాలదే. ఒక విభాగంలో చేసిన నమోదు మరో విభాగంలో వెంటనే కనిపించాలన్నది వారి లక్ష్యం, అప్పట్లో లెక్కలన్నీ పంచ్ కార్డుల కట్టలుగా పోగై రాత్రికి ఒకేసారి నడిచేవి కాబట్టి అది చిన్న కోరిక కాదు. దాని తర్వాతి తరాలుగా 1979లో ఆర్/2, 1992లో ఆర్/3 వచ్చాయి. మెయిన్‌ఫ్రేమ్ అనే భారీ కంప్యూటరు అక్కర్లేకుండా నడిచే ఆర్/3తోనే ఈ తరహా సాఫ్ట్‌వేర్ ప్రపంచమంతా పాకింది.

ఈ చరిత్ర పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా మిగిలిపోతుంటుంది గానీ, బోధనకు సంబంధించిన అసలు కీలకం ఇందులోనే ఉంది. సరుకు లెక్క, డబ్బు లెక్క ఒకే నమోదు నుంచి పుట్టడమే ఈఆర్‌పీ సారం. అందుకే ఖాతాలు తెలియని ఇంజినీరింగ్ విద్యార్థి, గోడౌన్ ఎలా నడుస్తుందో ఎన్నడూ చూడని కామర్స్ విద్యార్థి ఇద్దరూ ఇందులో ఏదో ఒకచోట తడబడతారు. ఇద్దరికీ ఒకే సిలబస్ ఇచ్చి, తెలియని సగాన్ని ఎవరికి వారే నింపుకొంటారని ఆశించడం చాలా కోర్సుల్లో కనిపించే మొదటి లోపం.

## వెయ్యి గోనె సంచులు: ఒక కొనుగోలు కథ

ఒక రైస్ మిల్లు వెయ్యి గోనె సంచులను ఒక్కొక్కటి 60 రూపాయల చొప్పున కొంటుందనుకుందాం. జీఎస్టీని కాసేపు పక్కన పెడదాం. కొనుగోలు విభాగం పర్చేజ్ ఆర్డర్ తయారుచేస్తుంది, శాప్‌లో దీనికి ఎంఈ21ఎన్ అనే కోడ్ ఉంది. ఆర్డర్ విలువ 60,000 రూపాయలు. అయినా ఈ దశలో ఖాతాల్లో ఒక్క పైసా కదలదు. మాట ఇచ్చినంత మాత్రాన అప్పు పుట్టదు, సరుకు అందినప్పుడే పుడుతుంది అన్న ఖాతాల సూత్రమే ఇక్కడ సాఫ్ట్‌వేర్ ప్రవర్తనగా కనిపిస్తోంది.

లారీ వస్తుంది. గోడౌన్ గుమస్తా లెక్కపెడితే 990 సంచులే ఉంటాయి. ఆయన చలానా చూసి, వచ్చినన్ని మాత్రమే గూడ్స్ రిసీట్‌గా నమోదు చేస్తాడు. అందరూ మిగో అని పిలిచే తెర ఇదే. ఆ నమోదు సేవ్ అయిన క్షణంలో సరుకు నిల్వ ఖాతా 59,400 రూపాయలకు డెబిట్ అవుతుంది, జీఆర్/ఐఆర్ (గూడ్స్ రిసీట్/ఇన్వాయిస్ రిసీట్) అనే మధ్యస్థ ఖాతా అంతే మొత్తానికి క్రెడిట్ అవుతుంది. సరుకు అందింది గానీ బిల్లు ఇంకా రాలేదు, కాబట్టి బాకీ ఎవరికి ఎంతో పక్కాగా తేలేవరకు ఆ మొత్తం ఆ ఖాతాలో వేచి ఉంటుంది.

గుమస్తాకు డెబిట్ క్రెడిట్‌ల సంగతి తెలియకపోవచ్చు, తెలియనవసరం కూడా లేదు. కానీ జరిగింది చూస్తే, సంచులు లెక్కపెట్టిన మనిషే కంపెనీ ఆవర్జాలో (లెడ్జర్‌లో) పద్దు రాశాడు. పాత వ్యాపారాల్లో చిట్టా రాసేవారు వేరు, దాన్ని చూసి ఆవర్జాకు ఎక్కించేవారు వేరు, రెండింటి మధ్య ఒక రోజో ఒక వారమో గడిచేది. ఈఆర్‌పీ ఆ వ్యవధిని తీసేసింది. లాభం స్పష్టమే. దాంతో పాటే వచ్చిన ప్రమాదం మాత్రం పాఠాల్లో అరుదుగా చర్చకు వస్తుంది: గోడౌన్‌లో జరిగిన పొరపాటును పట్టుకోవడానికి గతంలో ఉన్న రెండో జత కళ్లు ఇప్పుడు లేవు. 990 బదులు 9,900 అని కొడితే, సాఫ్ట్‌వేర్‌లో పరిమితులు పెట్టుకోని పక్షంలో, ఆస్తిఅప్పుల పట్టీలో అంత సరుకూ ఉన్నట్టే కనిపిస్తుంది.

రెండు రోజులకు సరఫరాదారు బిల్లు వస్తుంది, అందులో వెయ్యి సంచులకు 60,000 రూపాయలు అని ఉంటుంది. ఖాతాల విభాగం దాన్ని మిరో తెరలో నమోదు చేసినప్పుడు సాఫ్ట్‌వేర్ మూడు కాగితాలను పోలుస్తుంది: ఆర్డర్, రిసీట్, బిల్లు. దీనినే త్రీ-వే మ్యాచ్ అంటారు. ఆర్డర్ ప్రకారం బిల్లు సరైనదే, రిసీట్ ప్రకారం పది సంచులు ఎక్కువ. తేడా అనుమతించిన హద్దు దాటితే బిల్లు నమోదవుతుంది గానీ చెల్లింపు ఆగిపోతుంది. సరఫరాదారు ఖాతా 60,000కు క్రెడిట్, జీఆర్/ఐఆర్ ఖాతా 60,000కు డెబిట్. ఆ మధ్యస్థ ఖాతాలో ఇప్పుడు 600 రూపాయలు మిగిలాయి.

ఈ 600 రూపాయలు ఎలా మిగిలాయో, దాన్ని ఎవరు ఎలా పరిష్కరించాలో వివరించగలిగిన విద్యార్థికి కొనుగోలు ప్రక్రియ అర్థమైనట్టే. పది సంచులు తర్వాతి లారీలో రావచ్చు, సరఫరాదారు బిల్లు మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోట్ ఇవ్వవచ్చు, లేదా అంత చిన్న తేడాను కంపెనీయే భరించి సర్దుబాటు చేయవచ్చు. ఈ మూడింటిలో ఏది సరైనదో సాఫ్ట్‌వేర్ చెప్పదు. సరఫరాదారుతో ఉన్న ఒప్పందం, వ్యాపార సంబంధం చెబుతాయి.

అమ్మకం వైపు కూడా దాదాపు ఇదే దారి తిరగేసి నడుస్తుంది, ఒక తేడాతో. అమ్మకం ఆర్డర్ దశలో ఖాతాల నమోదు లేదు, సరుకు గేటు దాటినప్పుడు నిల్వ తగ్గి అమ్మిన సరుకు ఖర్చు నమోదవుతుంది, బిల్లు వేసినప్పుడు ఆదాయం నమోదవుతుంది. ఖర్చు, ఆదాయం రెండూ రెండు వేర్వేరు క్షణాల్లో పుడుతున్నాయి. లారీ మార్చి 31 సాయంత్రం బయల్దేరి బిల్లు ఏప్రిల్ 1న పడితే, ఒక సంవత్సరంలో ఖర్చు, మరో సంవత్సరంలో ఆదాయం కనిపిస్తాయి. సంవత్సరాంతంలో ఆడిటర్లు గేటు రిజిస్టరునూ బిల్లులనూ పక్కపక్కన పెట్టి చూసేది ఇందుకే. భారతదేశంలో దీనికి మరో మెట్టు కూడా ఉంది. 2020 అక్టోబరు 1న 500 కోట్ల రూపాయల టర్నోవరు దాటిన సంస్థలతో మొదలైన ఈ-ఇన్వాయిస్ నిబంధన, 2023 ఆగస్టు 1 నుంచి 5 కోట్లు దాటిన సంస్థలకూ వర్తిస్తోంది. దాని పరిధిలోకి వచ్చే బిల్లు ప్రభుత్వ పోర్టల్‌లో నమోదై ప్రత్యేక సంఖ్య పొందితేనే చెల్లుతుంది. అంటే బిల్లింగ్ అనే ప్రక్రియ ఇప్పుడు కంపెనీ గోడల మధ్యే పూర్తి కావడం లేదు. విదేశీ పాఠ్యపుస్తకాల్లోని ప్రక్రియ పటాల్లో ఈ మెట్టు కోసం వెతికినా ప్రయోజనం ఉండదు.

## ల్యాబ్‌లోని సైకిల్ కంపెనీ

శాప్ యూనివర్సిటీ అలయన్సెస్ కార్యక్రమంలో చేరిన విద్యాసంస్థలకు సాధారణంగా అందే అభ్యాసం గ్లోబల్ బైక్. అమెరికా, జర్మనీల్లో శాఖలున్న ఒక కల్పిత సైకిల్ కంపెనీ అది. కళాశాల తన సొంత సర్వర్ పెట్టుకోనవసరం లేదు. జర్మనీలోని మాగ్డెబర్గ్, మ్యూనిక్, అమెరికాలోని మిల్వాకీ వంటి చోట్ల విశ్వవిద్యాలయాల్లోనే ఏర్పాటైన కేంద్రాలు వ్యవస్థను నడిపి, ఇతర కళాశాలలకు అందిస్తాయి. ఒకే వ్యవస్థలో వందలాది మంది ఒకరి లెక్కలు మరొకరికి తగలకుండా పనిచేయడానికి ఒక తెలివైన ఏర్పాటు ఉంది: ప్రతి విద్యార్థికీ మూడంకెల సంఖ్య ఇస్తారు, ఉత్పత్తుల కోడ్‌ల చివర ఆ సంఖ్య చేరుతుంది. 017 నంబరు విద్యార్థి సైకిలు, 018 నంబరు విద్యార్థి సైకిలు వేర్వేరు సరుకులు.

దీనివల్ల ఒరిగే మేలు తక్కువేమీ కాదు. కంపెనీ కోడ్, ప్లాంట్, స్టోరేజ్ లొకేషన్, సేల్స్ ఆర్గనైజేషన్ వంటి సంస్థ నిర్మాణపు అంచెలు పుస్తకంలో నిర్వచనాలుగా చదివినప్పుడు పొడిగా ఉంటాయి. ఒక ఆర్డర్ వేయబోతే ‘ఈ సరుకు ఆ ప్లాంట్‌కు నిర్వహించడం లేదు’ అని సాఫ్ట్‌వేర్ మొరాయించినప్పుడు అవి ఎందుకున్నాయో తెలిసొస్తుంది.

సమస్య అభ్యాసపు సూచనల పుస్తకంలో ఉంది. ‘ఫలానా పెట్టెలో ఫలానా విలువ నింపి ఎంటర్ నొక్కండి’ అనే తీరున రాసిన వరసను పాటిస్తే, ఏమీ అర్థం కాకుండానే నలభై పేజీలు పూర్తి చేయవచ్చు. చివరికి ఒక డాక్యుమెంట్ నంబరు వస్తుంది, రికార్డులో రాసుకుంటే మార్కులు పడతాయి. సూచనల పుస్తకంలో సరఫరాదారు ఎప్పుడూ పూర్తి సరుకే పంపుతాడు, ధర ఎప్పుడూ ఆర్డర్‌లో ఉన్నదే ఉంటుంది, ఖాతాదారు ఎప్పుడూ గడువులోపే చెల్లిస్తాడు. అంత ఆదర్శంగా నడిచే వ్యాపారానికి నిజానికి ఈఆర్‌పీ అవసరమే ఉండదు.

మరో లోపం అంతగా కంటికి కనిపించదు. ల్యాబ్‌లో ఒకే విద్యార్థి ఒకే లాగిన్‌తో సరఫరాదారును సృష్టిస్తాడు, ఆర్డర్ వేస్తాడు, సరుకు అందుకుంటాడు, బిల్లు ఆమోదిస్తాడు, చెల్లింపు కూడా చేసేస్తాడు. సంస్థలు ఏ పనినైతే ఒకే మనిషి చేతిలో పెట్టకూడదని నియమం పెట్టుకుంటాయో, సరిగ్గా అదే పని ల్యాబ్‌లో ప్రతివారం జరుగుతోంది. అది చూసిన విద్యార్థికి బాధ్యతల విభజన అన్న మాట పరీక్షల కోసం గుర్తుపెట్టుకునే పదబంధంగానే మిగిలిపోతుంది. 2009 జనవరి 7న బయటపడిన సత్యం కంప్యూటర్స్ వ్యవహారంలో, సంస్థ సొంత ఇన్వాయిస్ వ్యవస్థలోనే వేల నకిలీ బిల్లులను సూపర్ యూజర్ (ప్రత్యేక అధికారాలున్న లాగిన్) ప్రవేశంతో సృష్టించి, మామూలు వినియోగదారులకు కనిపించకుండా ఉంచారని దర్యాప్తు సంస్థ గుర్తించింది. ఎవరికి ఏ తెర తెరుచుకోవాలన్న విషయాన్ని ఐటీ విభాగపు చిల్లర పనిగా కొట్టేయలేమని చూపడానికి హైదరాబాద్‌లోని తరగతి గదికి దూరదేశపు ఉదాహరణలు అక్కర్లేదు.

ఈ లోపాలకు ఒక విరుగుడు కెనడాలోని హెచ్‌ఈసీ మాంట్రియల్ బిజినెస్ స్కూల్ నుంచి వచ్చింది. అక్కడి అధ్యాపకులు రూపొందించిన ఈఆర్‌పీసిమ్ అనే క్రీడలో విద్యార్థులు జట్లుగా ఏర్పడి, నిజమైన శాప్ వ్యవస్థలోనే ఒక కంపెనీని నడుపుతారు. జర్మనీ మార్కెట్‌లో మ్యూస్లీ అనే అల్పాహారపు గింజల మిశ్రమాన్ని తయారుచేసి అమ్మడం ప్రసిద్ధమైన ఆట. గడియారం వేగంగా నడుస్తుంది, ఆటలోని రోజులు నిమిషాల్లో గడిచిపోతాయి. ఒకరు ధర తగ్గిస్తే గిరాకీ పెరిగి మరొకరి గోడౌన్ ఖాళీ అవుతుంది, ముడిసరుకు ఆర్డర్ చేయడం మరిచినవారి వల్ల ఉత్పత్తి ఆగుతుంది. నివేదిక చదవడం నేర్చుకోమని ఎవరూ చెప్పనవసరం ఉండదు, చదవకపోతే జట్టు ఓడిపోతుంది.

## సైకిలు కలుపుతుంది, మిల్లు విడదీస్తుంది

తెలుగు ప్రాంతాల విద్యార్థులకు సంబంధించి ఇంకో ప్రశ్న ఉంది: సైకిలు కర్మాగారం ఎంతవరకు సరైన నమూనా? సైకిలు తయారీ అంటే అనేక భాగాలు కలిసి ఒక వస్తువు కావడం. దాని బిల్ ఆఫ్ మెటీరియల్స్, అంటే భాగాల జాబితా, చెట్టు కొమ్మలు కాండంలో కలిసినట్టు ఉంటుంది. ఎంఆర్‌పీ లెక్క కూడా ఈ రూపానికే సహజంగా అమరుతుంది.

మిర్యాలగూడలోనో తాడేపల్లిగూడెంలోనో ఉన్న రైస్ మిల్లు ఇందుకు పూర్తిగా తలకిందులు. అక్కడ ఒక్క ధాన్యమే లోపలికి వెళ్లి బియ్యం, నూకలు, తవుడు, ఊకగా బయటికి వస్తుంది. ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి ఇచ్చే కస్టమ్ మిల్లింగ్ లెక్కలో క్వింటా ధాన్యానికి పచ్చిబియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు ఇవ్వాలి. మిగిలినదంతా వ్యర్థం కాదు. తవుడు నూనె మిల్లుకు వెళుతుంది, ఊక బాయిలర్‌లో ఇంధనమవుతుంది. అలాంటప్పుడు క్వింటా ధాన్యానికి పెట్టిన ఖర్చులో బియ్యం మోయాల్సిన వాటా ఎంత, తవుడు మోయాల్సిన వాటా ఎంత? ధాన్యంలో తేమ ఎక్కువైతే అదే తూకానికి దిగుబడి తగ్గుతుంది, మరి ఆ నష్టం ఏ ఖాతాలో పడాలి? సైకిలు అభ్యాసంలో ఈ ప్రశ్నలు తలెత్తే అవకాశమే లేదు.

పాడి పరిశ్రమలో చిక్కు మరో రకం. పాలను లీటర్లలో కొలిచినా ధరను వెన్న శాతం, ఇతర ఘనపదార్థాల శాతం నిర్ణయిస్తాయి. పరిమాణాన్ని ధరతో గుణిస్తే విలువ వస్తుందన్న మామూలు పర్చేజ్ ఆర్డర్ సూత్రం అక్కడ నేరుగా పనిచేయదు. హైదరాబాద్ చుట్టుపక్కల ఔషధ కర్మాగారాల్లో సరుకు కన్నా బ్యాచ్ ముఖ్యం: ఒక మాత్ర మీద ఫిర్యాదు వస్తే అది ఏ బ్యాచ్‌దో, ఆ బ్యాచ్‌లో వాడిన ముడిపదార్థం ఎవరు సరఫరా చేశారో, అదే ముడిపదార్థం ఇంకే బ్యాచ్‌ల్లోకి వెళ్లిందో గంటల్లో తేల్చగలగాలి. భీమవరం వైపు నుంచి ఎగుమతయ్యే రొయ్యలకూ ఇలాంటి జాడే అవసరం.

పెద్ద ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్లలో వీటన్నింటికీ ఏర్పాట్లు ఉన్నాయి. ఉప ఉత్పత్తులు, బ్యాచ్ నిర్వహణ, నాణ్యత తనిఖీ వంటి అంశాలు దశాబ్దాలుగా వాటిలో భాగమే. లేనిది పాఠ్యప్రణాళికలో. సైకిలు అభ్యాసం పూర్తయ్యాక ‘ఇదే పద్ధతిలో ఒక మిల్లును నమోదు చేయాలంటే ఎక్కడ ఆగిపోతాం’ అని అడిగి, దగ్గర్లోని మిల్లుకో డెయిరీకో విద్యార్థులను పంపి కాటా చీటీ నుంచి చెల్లింపు దాకా ప్రతి కాగితాన్నీ సేకరించమంటే, సాఫ్ట్‌వేర్ ఖర్చు పెద్దగా లేకుండానే ఆ లోటు కొంత తీరుతుంది.

## అమీర్‌పేట పద్ధతి, కళాశాల పద్ధతి

మైత్రీవనం చుట్టూ ఉన్న శిక్షణ సంస్థల బోర్డుల మీద ప్రక్రియల పేర్లు కనిపించవు, మాడ్యూళ్ల, అంటే సాఫ్ట్‌వేర్ విభాగాల, పేర్లు కనిపిస్తాయి: ఫైకో (ఆర్థిక, వ్యయ ఖాతాలు), ఎంఎం (సరుకు, కొనుగోళ్లు), ఎస్‌డీ (అమ్మకాలు), వాటితో పాటు అబాప్ (శాప్ ప్రోగ్రామింగ్ భాష). దీనికి కారణం ఉద్యోగ విపణి. అమలు ప్రాజెక్టులు మాడ్యూళ్ల వారీగానే సలహాదారులను తీసుకుంటాయి కాబట్టి, శిక్షణ కూడా అలాగే చీలింది. కొన్ని వారాల నుంచి కొన్ని నెలల్లో ఒక మాడ్యూల్‌ను తీర్చిదిద్దే విధానం, అంటే కాన్ఫిగరేషన్, నేర్పడం వీటి బలం. గ్లోబల్ బైక్‌లో తయారుగా దొరికే కంపెనీ కోడ్‌ను ఇక్కడి విద్యార్థి స్వయంగా సృష్టిస్తాడు, ఏప్రిల్–మార్చి ఆర్థిక సంవత్సరానికి వీ3 అనే వేరియంట్ ఎంచుకోవాలని నేర్చుకుంటాడు.

బలహీనత కూడా ఆ చీలికలోనే ఉంది. గోనె సంచుల కొనుగోలులో గూడ్స్ రిసీట్ ఎంఎం కిందికి వస్తుంది, దాని వల్ల పుట్టిన పద్దు ఫైకో కిందికి వస్తుంది. ఏ రకం సరుకు కదలికకు ఏ ఖాతా తాకాలన్న అనుసంధానం రెండింటి సరిహద్దులో ఉంటుంది. ప్రాజెక్టుల్లో చిక్కులు ఎక్కువగా తలెత్తేదీ ఆ సరిహద్దుల్లోనే. ఎంఎం నేర్చుకున్నవారు అది ఫైకోవారి పని అనుకుంటారు, ఫైకోవారు ఎంఎంవారిది అనుకుంటారు. సూత్రప్రాయంగా విశ్వవిద్యాలయం పూరించగల ఖాళీ ఇదే: కొనుగోలు నుంచి చెల్లింపు దాకా, ఆర్డర్ నుంచి వసూలు దాకా విభాగాల గోడలు దాటి నడిచే దారిని మొత్తంగా చూపడం. కాన్ఫిగరేషన్‌లో శిక్షణ సంస్థలతో పోటీపడబోతే కళాశాల ఆ పనిలో వెనకబడుతుంది, తనకు సాధ్యమైన పనినీ వదులుకుంటుంది.

## ప్రక్రియ అర్థం కాకపోతే ఏమవుతుంది

ఈ విషయం కేవలం మార్కులకు సంబంధించినది కాదని చెప్పే ఉదాహరణలు సంస్థల చరిత్రలో ఉన్నాయి. జర్మన్ దుకాణాల గొలుసు లిడ్ల్ 2011లో మొదలుపెట్టిన శాప్ ఆధారిత ప్రాజెక్టును, సుమారు 50 కోట్ల యూరోలు ఖర్చయ్యాయన్న వార్తల మధ్య, 2018లో వదులుకుంది. బయటికి వచ్చిన కారణాల్లో ఎక్కువగా చర్చకు వచ్చినది ఒక ఖాతాల అలవాటు. ఆ సంస్థ తన నిల్వ సరుకును కొన్న ధరకు లెక్కగట్టేది, సాఫ్ట్‌వేర్‌లోని ప్రామాణిక చిల్లర వ్యాపార పద్ధతి అమ్మే ధరకు లెక్కగట్టేది. సంస్థ తన పద్ధతి మార్చుకోకుండా సాఫ్ట్‌వేర్‌ను మార్చబోయింది. నిల్వ విలువ కొనుగోలు, అమ్మకం, లాభం లెక్క, నివేదికలు అన్నింటినీ తాకుతుంది కాబట్టి, ఒక్కచోట చేసిన మార్పు ప్రతిచోటా మార్పులను కోరింది.

అమెరికన్ చాక్లెట్ కంపెనీ హెర్షీ అనుభవం వేరు. నాలుగేళ్లు పట్టాల్సిన అమలును 30 నెలలకు కుదించి, మూడు వేర్వేరు విక్రేతల వ్యవస్థలను కలిపి 1999లో ప్రారంభించింది. అది హాలోవీన్ పండగ ఆర్డర్లు ముంచెత్తే సమయం. గోడౌన్‌లో సరుకు ఉంది, కొనేవారు ఉన్నారు, అయినా సుమారు 10 కోట్ల డాలర్ల విలువైన ఆర్డర్లు సమయానికి కదల్లేదు. ప్రాజెక్టు మేనేజ్‌మెంట్ పాఠంలో ఈ కథను గడువు తప్పిదంగా చెబుతారు. ప్రక్రియల పాఠంలో ప్రశ్న మరోలా ఉండాలి: సరుకు భౌతికంగా ఉండి, వ్యవస్థ దాన్ని పంపలేని స్థితి ఏయే దశల్లో, ఏ నమోదు లోపించడం వల్ల ఏర్పడుతుంది?

## ఏది పాతబడుతుంది, ఏది నిలుస్తుంది

సిలబస్‌ల మీద ప్రస్తుతం ఉన్న ఒత్తిడికి ఒక తక్షణ కారణం ఉంది. శాప్ పాత తరం ఉత్పత్తి ఈసీసీకి ప్రధాన మద్దతు 2027 చివరితో ముగుస్తుందని, అదనపు రుసుముతో 2030 వరకు పొడిగింపు దొరుకుతుందని సంస్థ 2020లో ప్రకటించింది. 2015లో వచ్చిన ఎస్/4హానాకు మారే పని ప్రపంచవ్యాప్తంగా కంపెనీల్లో సాగుతోంది. ఈ మార్పు కళాశాల ల్యాబ్ రికార్డులను ఎలా తాకుతుందో ఒక చిన్న ఉదాహరణ చూపుతుంది. పాత పుస్తకాల్లో సరఫరాదారును సృష్టించడానికి ఎక్స్‌కే01 అనే కోడ్ ఉంటుంది. కొత్త వ్యవస్థలో సరఫరాదారు, ఖాతాదారు ఇద్దరూ బిజినెస్ పార్ట్‌నర్ అనే ఒకే రికార్డులో కలిసిపోయారు, పాత కోడ్ కొడితే కొత్త తెరకే తీసుకెళుతుంది. గతంలో ఆర్థిక ఖాతాలు, వ్యయ ఖాతాలు వేర్వేరు పట్టికల్లో ఉండి నెలాఖరున సరిపోల్చుకోవాల్సి వచ్చేది, ఇప్పుడవి అక్‌డోకా అనే ఒకే పట్టికలోకి చేరాయి.

కోడ్‌లు బట్టీపట్టినవారికి ఇదంతా మళ్లీ మొదటి నుంచి మొదలు. సంచులు లెక్కపెట్టినప్పుడు పడే పద్దు మాత్రం ఆర్/3లో ఎలా ఉందో ఎస్/4లోనూ అలాగే ఉంది, త్రీ-వే మ్యాచ్ కూడా మారలేదు.

ఈ దృష్టితో చూస్తే ఏ సాఫ్ట్‌వేర్ మీద నేర్పాలన్న చర్చకు సాధారణంగా ఇచ్చేంత బరువు అక్కర్లేదు. శాప్ సౌకర్యం లేని కళాశాలకు ముంబయిలోని ఫ్రాపే సంస్థ రూపొందించిన ఈఆర్‌పీనెక్స్ట్, బెల్జియంలో పుట్టిన ఓడూ కమ్యూనిటీ వెర్షన్ వంటి ఓపెన్ సోర్స్ మార్గాలు ఉన్నాయి. మామూలు ల్యాబ్ కంప్యూటర్ల మీదే వీటిని నడపవచ్చు, ఆర్డర్ నుంచి పద్దు దాకా మొత్తం చక్రాన్ని రెండు తరగతుల్లో చూపవచ్చు. భారీ సంస్థల నిర్మాణంలోని అంచెలు వీటిలో అంత స్పష్టంగా కనిపించకపోవడం ఒక పరిమితి. ట్యాలీ అనే ఖాతాల సాఫ్ట్‌వేర్ చాలామంది కామర్స్ విద్యార్థులకు ముందే తెలుసు, దుకాణాల్లో, ఆడిటర్ల కార్యాలయాల్లో ఎక్కువగా కనిపించేదీ అదే. దాన్ని తక్కువగా చూడకుండా, ‘ట్యాలీలో బిల్లు చూసి పద్దు వేసేవారు, ఈఆర్‌పీలో ఆ పద్దు ఎక్కడి నుంచి వస్తోంది’ అనే పోలికతో పాఠం మొదలుపెడితే, తెలిసిన నేల మీద నుంచి తెలియని నేలకు దారి దొరుకుతుంది.

## మూల్యాంకనం దగ్గర తేలే విషయం

విద్యార్థులు ఏది ముఖ్యమనుకుంటారో పరీక్షే నిర్ణయిస్తుంది. ‘ఈఆర్‌పీ ప్రయోజనాలు పది రాయండి’ అన్న ప్రశ్న ఉన్నంతకాలం పది ప్రయోజనాలే బట్టీపడతారు. డాక్యుమెంట్ నంబరుకు మార్కులు ఉన్నంతకాలం పక్కవారి రికార్డులోంచి నంబర్లు నకలవుతాయి, మూడంకెలు మార్చుకుంటే సరిపోతుంది. నలుగురు విద్యార్థులను ఒక జట్టుగా చేసి, కొనుగోలు, గోడౌన్, ఖాతాలు, ఆమోదం పాత్రలను వేర్వేరు లాగిన్లతో పంచి, అధ్యాపకుడు మధ్యలో ఒక బిల్లు ధర పెంచడమో ఒక లారీలో సరుకు తగ్గించడమో చేస్తే, అదే ల్యాబ్ అదే రెండు గంటల్లో వేరే పాఠమవుతుంది. అధ్యాపకుడి పని మాత్రం పెరుగుతుంది: ప్రతి జట్టుకూ వేరే తేడా తయారుచేయాలి, జవాబులు పోల్చి చూసుకోవడానికి వీలైన ఒకే పట్టిక ఉండదు.

రాతపరీక్షకు కూడా ఇదే తీరు సాధ్యమే. గోనె సంచుల ఆర్డర్, 990 సంచుల రిసీట్, వెయ్యి సంచుల బిల్లు కాగితాలను ప్రశ్నపత్రంలో అచ్చువేసి, నెలాఖరున జీఆర్/ఐఆర్ ఖాతాలో మిగిలిన 600 రూపాయలకు కారణం చెప్పి, తర్వాత ఏం చేయాలో రాయమనవచ్చు. ఒకరు నేరుగా ఎంఆర్11 అనే సర్దుబాటు కోడ్ పేరు రాసి ముగిస్తారు. మరొకరు ముందు గోడౌన్‌కు ఫోన్ చేసి, ఆ పది సంచులు తర్వాతి లారీలో వస్తున్నాయో లేదో కనుక్కోవాలని రాస్తారు.